స్త్రీ రతిభావం: పురాణమేది, ప్రమాణమేది?

ధర్మార్థకామమోక్షాలు నాలుగూ పురుషార్థాలే. ధర్మాన్ని గురించి ప్రవచనాలు జరుగుతాయి, అర్థాన్ని గురించి లెక్కలు జరుగుతాయి, మోక్షాన్ని గురించి భాష్యపాఠాలు జరుగుతాయి. కామాన్ని గురించి మాత్రం ఇంట మౌనం, వీధిలో పరిహాసం మిగిలాయి. ఆ మౌనంలో అపోహలు పెరిగాయి. వాటిలో అధికభాగం స్త్రీని గురించినవి.

అనంతపురం సీమలో నాలుగు మాటలు తరచుగా వినబడుతూ ఉంటాయి. స్త్రీకి కామం పురుషుని కంటె ఎనిమిది రెట్లన్నది ఒకటి. సంతానం కలగకపోతే లోపం స్త్రీదే అన్నది రెండవది. పతివ్రతలు తగ్గినందువల్లనే వానలు తగ్గాయన్నది మూడవది. స్త్రీలు పద్మిని, చిత్రిణి, శంఖిని, హస్తిని అని నాలుగు జాతులనీ, రూపాన్ని చూచి వారి కోరికను చెప్పవచ్చుననీ అనేది నాలుగవది. నాలుగింటికీ ముద్ర ఒక్కటే: "శాస్త్రంలో ఉన్నది." ఏ శాస్త్రంలో, ఏ సందర్భంలో, ఏ తాత్పర్యంతో ఉన్నదని అడిగేవారు తక్కువ.

అలా అడగడానికి సాధనం సంప్రదాయంలోనే ఉన్నది. మీమాంసకులు వేదాన్ని విధి, మంత్రం, నామధేయం, నిషేధం, అర్థవాదం అని ఐదుగా విభజించారు. స్తుతి, నింద, కథ మొదలైన రూపాలలో ఒక విధిని బలపరచే వాక్యం అర్థవాదం. అందులోని కథకు అక్షరార్థంలో తాత్పర్యం లేదు. అది ఏ ధర్మాన్ని పోషించడానికి వచ్చిందో ఆ ధర్మంలోనే తాత్పర్యం. ప్రత్యక్షానికి విరుద్ధంగా కనబడే అర్థవాదాన్ని గుణవాదమన్నారు. యూపస్తంభాన్ని సూర్యునిగా వేదం స్తుతిస్తే, ఆ కొయ్య వెలుగునిస్తుందని నమ్మి యజమాని దీపాన్ని ఆర్పివేయడు. అగ్ని చల్లనిదని నూరు శ్రుతులు చెప్పినా ఆ విషయంలో అవి ప్రమాణం కాజాలవని శంకరభగవత్పాదులు గీతాభాష్యంలో నిష్కర్షగా చెప్పారు. వేదవాక్యానికే ఈ నియమం వర్తిస్తే లోకోక్తికీ, సుభాషితానికీ వర్తించకుండా ఉండదు. ఈ గీటురాయి మీద ఆ నాలుగు మాటలనూ గీచి చూడవలసి ఉన్నది.

కరవుసీమలో నీరు, స్త్రీ

అనంతపురం పేరే ఒక చెరువుతో ముడిపడి ఉన్నది. పద్నాలుగవ శతాబ్దిలో బుక్కరాయల కాలంలో చిక్కవొడయరు కట్టించిన అనంతసాగరం వల్ల ఆ ఊరికి ఆ పేరు వచ్చిందని స్థలచరిత్ర చెబుతుంది. చెరువుకు రెండవ వైపున బుక్కరాయసముద్రం ఉన్నది. ఒకనాడు కట్ట తెగబోగా, ఊరి పెద్దరెడ్డి చిన్నకోడలు ముసలమ్మ బలి అయితేనే కట్ట నిలుస్తుందని దివ్యవాణి పలికిందనీ, ఆ సాధ్వి అందరివద్ద సెలవు తీసుకొని కట్టకు ఆహుతి అయిందనీ ఐతిహ్యం. ఆ గాథనే కట్టమంచి రామలింగారెడ్డిగారు విద్యార్థి దశలో 'ముసలమ్మ మరణము' అనే కావ్యంగా రచించారు. ముసలమ్మకట్ట మీద ఆమె నేటికీ పూజలందుకుంటున్నది.

ఆమె త్యాగం వందనీయం. కాని ఆ గాథను కార్యకారణ సూత్రంగా మార్చి, నీటికి స్త్రీ శరీరమే మూల్యమనడం మరొక విషయం. చెరువుకట్ట నిలవడానికి రాతికట్టు, తూము, మరవ, ఏటేటా పూడికతీత కారణాలు. ఆ సంగతి చెరువు కట్టించిన విజయనగర ప్రభువులకు బాగా తెలుసు. అందుకే వారు చెరువుల పోషణకు మాన్యాలిచ్చారు.

వాన విషయమూ ఇంతే. వేదవిదులైన విప్రులకొక వాన, నీతిగల రాజుకొక వాన, పతివ్రతలకొక వాన అనే మాట దక్షిణదేశమంతటా ఉన్నది. అది విద్యను, రాజనీతిని, గృహధర్మాన్ని కొనియాడే స్తుతి. దానిని తారుమారు చేసి, వాన రాలేదు కనుక స్త్రీలు చెడిపోయారని అనుమానం చేయడం తర్కశాస్త్రం ఒప్పని పని. అన్వయవ్యతిరేకాలను చూస్తే చాలు. 1876–78 నాటి ధాత కరువులో ఈ సీమలో బిడ్డలను ఒడిలో పెట్టుకొని ఆకలితో కన్నుమూసిన తల్లులు ఏ వ్రతం తప్పారు? ఈ పీఠభూమి పశ్చిమ కనుమల వెనుక వర్షచ్ఛాయలో ఉన్నది. నైరుతి మేఘాలు కనుమల కవతలే అధికభాగం కురిసిపోతాయి. తూర్పు సముద్రం నుండి వచ్చే వానలు ఇంత లోపలికి వచ్చేసరికి బలహీనపడతాయి. సంవత్సరానికి సుమారు 550 మిల్లీమీటర్ల వర్షం మాత్రమే కురవడానికి కారణం భూగోళం.

పురాణాలు కూడ ఈ అపవాదానికి సాక్ష్యమివ్వవు. శ్రీమద్రామాయణ బాలకాండలో రోమపాదుని అంగరాజ్యంలో ఘోరమైన అనావృష్టి వస్తుంది. అక్కడ దోషం రాజుదని వాల్మీకి మహర్షి స్పష్టంగా చెప్పారు. వాన రావడానికి ఋశ్యశృంగుని తీసుకొనివచ్చినవారు వారకాంతలు. కథలను వాతావరణ శాస్త్రంగా చదివితే, ఒక కథలో పాతివ్రత్యం వానకు హేతువు, మరొక కథలో వారకాంతల గమనం హేతువు అవుతుంది. పరస్పర విరుద్ధమైన రెండు హేతువులతో ఒకే కార్యం సిద్ధించదు. కనుక ఆ కథల తాత్పర్యం వేరు: మొదటిది గృహధర్మ స్తుతి, రెండవది తపోమహిమ, రాజబాధ్యత. వానకోసం విరాటపర్వం చదివించడం ప్రార్థన. ప్రార్థన ఆర్తుని హక్కు. వాన రాకపోతే ఒక స్త్రీ నడవడి మీద నింద వేయడం ప్రార్థన కాదు, పాపం.

భంగాస్వనుని కథ, ఎనిమిది రెట్ల మాట

స్త్రీపురుషులలో ఎవరి సుఖం అధికమని ధర్మరాజు భీష్ముని అడిగిన ఘట్టం మహాభారత అనుశాసన పర్వంలో ఉన్నది. భంగాస్వనుడనే రాజర్షి పుత్రార్థియై ఇంద్రునికి అప్రియమైన అగ్నిష్టుత యాగం చేసి నూరుగురు కుమారులను పొందాడు. కోపించిన ఇంద్రుడు వేటలో దారితప్పించగా ఒక సరస్సులో మునిగి స్త్రీ అయ్యాడు. ఆ రూపంలో ఒక తాపసుని వలన మరి నూరుగురిని కన్నాడు. ఇంద్రుడు కలహం పెట్టగా ఇరువర్గాలూ నశించాయి. చివరకు ప్రసన్నుడైన ఇంద్రుడు ఎవరిని బ్రతికించమంటావని అడిగితే, ఆమె స్త్రీగా కన్న బిడ్డలనే కోరింది. తల్లి స్నేహం అధికమన్నది. సత్యానికి మెచ్చి ఇంద్రుడు అందరినీ బ్రతికించాడు. ఏ రూపం కావాలని అడిగితే స్త్రీత్వాన్నే కోరి, సంయోగంలో స్త్రీకే ప్రీతి అధికమని కారణం చెప్పింది.

గ్రీకుల పురాణంలోనూ ఇటువంటి కథ ఉన్నది. టైరీసియస్ అనే జ్ఞాని కొంతకాలం స్త్రీగా జీవించి, సుఖంలో పది పాళ్లకు తొమ్మిది స్త్రీవేనని దేవతల వివాదంలో తీర్పు చెప్పాడట. రెండు దూరదేశాల ప్రజలు ఒకే ప్రశ్న వేసుకున్నారని దీనివల్ల తెలుస్తుంది. పురుషునికి స్త్రీ అనుభవం అగోచరం. స్వయంగా అనుభవించినవాడే చెప్పగలడన్న వినయం రెండు కథలలోనూ ఉన్నది. భంగాస్వనోపాఖ్యానంలో అధికభాగం మాతృస్నేహాన్ని గూర్చినది. లోకం ఆ భాగాన్ని మరచి చివరి మాటను మాత్రం పట్టుకున్నది.

చాణక్యుని పేర ప్రచారంలో ఉన్న సుభాషితానికీ ఇదే గతి పట్టింది. అందులో స్త్రీకి ఆహారం రెండింతలు, సాహసం ఆరింతలు, కామం ఎనిమిదింతలు. నాలుగింతలనే స్థానంలో ఒక పాఠంలో లజ్జ ఉంటుంది, మరొక పాఠంలో బుద్ధి ఉంటుంది. ఎనిమిదింతల కామాన్ని నమ్మేవారు రెండింతల ఆహారాన్ని కోడలి కంచంలో వడ్డించడం, నాలుగింతల బుద్ధిని ఇంటి ఆలోచనలో సంప్రదించడం అరుదు. కొలమానం లేనిచోట సంఖ్య కేవలం అలంకారం. ఆ అలంకారాన్ని కొలతగా భావించడం వల్లనే స్త్రీని అనుమానించడం, కట్టడి చేయడం, ఆమె 'వద్దు' అన్న మాటను నమ్మకపోవడం వంటి అనర్థాలు పుట్టాయి.

వాత్స్యాయనుల వాదసభ

కథలను విడిచి శాస్త్రానికి వస్తే, ఇదే ప్రశ్న వాదరూపంగా కనబడుతుంది. సుమారు మూడవ శతాబ్దికి చెందిన వాత్స్యాయన మహర్షి కామసూత్రాలలో, సాంప్రయోగికాధికరణం మొదటి అధ్యాయంలో పూర్వాచార్యుల మతాలను వరుసగా నిలబెట్టి పరీక్షించారు. ప్రశ్న ఒక్కటే: స్త్రీకి భావప్రాప్తి పురుషునివలె కలుగుతుందా?

ఔద్దాలకి, అనగా ఉపనిషత్తులలో ప్రసిద్ధుడైన శ్వేతకేతువు, కలగదన్నాడు. స్త్రీకి ఒక కండూతి మాత్రమే ఉపశమిస్తుంది. దానికి ఆభిమానిక సుఖం తోడవుతుంది అని అతని మతం. పురుషుడు భావాంతంలో తనంతట విరమిస్తాడు, స్త్రీ అలా విరమించదు కనుక ఆమె అనుభవం వేరని హేతువు చూపాడు. దీనికి ఆక్షేపం వచ్చింది: శీఘ్రంగా విరమించే భర్తయందు స్త్రీకి అప్రీతి, చిరకాలం నిలిచేవానియందు ప్రీతి కనబడుతున్నవి, అవి భావప్రాప్తి కలగడానికి, కలగకపోవడానికి గుర్తులు కావా? కండూతి ఉపశమించడమూ చిరకాలం జరిగితేనే ప్రియం కనుక ఆ గుర్తు సందిగ్ధమని సమాధానం చెప్పారు. ఒక హేతువు రెండు పక్షాలకూ సరిపోతే అది దేనినీ సాధించదనే న్యాయశాస్త్ర నియమం శయనాగారపు ప్రశ్నకూ వర్తించింది.

బాభ్రవ్యుని అనుయాయులు ఎదురు కొసకు వెళ్లారు. స్త్రీకి ఆరంభం నుండి నిరంతరంగా భావం ఉంటుందన్నారు. అలా అయితే మొదట ఉదాసీనత, తరువాత ఉత్సాహం, చివర విరామేచ్ఛ ఎందుకని ప్రశ్న వచ్చింది. కుమ్మరి సారె, బొంగరం మొదట మెల్లగా తిరిగి క్రమంగా వేగాన్ని అందుకొంటాయి కదా అని వారు దృష్టాంతం చెప్పారు.

చివర వాత్స్యాయనులు తమ సిద్ధాంతాన్ని నెలకొల్పారు. స్త్రీపురుషులు ఒకే జాతివారు, ఒకే ప్రయోజనంలో ప్రవృత్తులైనవారు; వారి సుఖం భిన్నం కావడానికి కారణం లేదు. ప్రవర్తించే ఉపాయంలోనూ, తమను తాము భావించుకొనే అభిమానంలోనూ మాత్రమే భేదం ఉన్నది. రెండు పొట్టేళ్లు ఢీకొన్నప్పుడు, రెండు వెలగపండ్లు కొట్టుకున్నప్పుడు, ఇద్దరు మల్లులు కలబడినప్పుడు ఇరువైపులా ఫలం సమానమే అని దృష్టాంతాలిచ్చారు. దీనినుండి ఒక విధిని తీశారు: స్త్రీ ముందుగా తృప్తి పొందేటట్లు పురుషుడు ఆమెను ఉపచరించాలి. మూడవ శతాబ్ది నాటి ఒక బ్రహ్మచర్యదీక్షితుని నోట వచ్చిన మాట ఇది. తాను ఈ గ్రంథాన్ని బ్రహ్మచర్యంతో, పరమ సమాధితో రచించాననీ, రాగాన్ని పెంచడం దీని ప్రయోజనం కాదనీ గ్రంథాంతంలో ఆయనే చెప్పుకున్నారు.

మూడు రాత్రుల నియమం

వివాహానంతరం దంపతులు మూడు రాత్రులు బ్రహ్మచర్యం పాటించాలని గృహ్యసూత్రాలు విధించాయి. తెలుగుసీమలో అధికంగా అనుసరించే ఆపస్తంబ గృహ్యసూత్రం ప్రకారం ఆ మూడు రాత్రులు దంపతులు నేలమీద శయనిస్తారు; వారి నడుమ గంధం పూసి వస్త్రం చుట్టిన దండాన్ని ఉంచుతారు; నాలుగవ రాత్రి చివరి జామున దానిని తీసి శేషహోమం చేస్తారు. వాత్స్యాయనులు కన్యావిస్రంభణమనే అధ్యాయంలో ఈ నియమాన్నే మనోధర్మంతో వివరించారు. స్త్రీ పుష్పం వంటిది, మృదువుగా సమీపించాలి. విశ్వాసం కలగకముందే బలాత్కరిస్తే ఆమె సంయోగాన్నే ద్వేషించేదవుతుంది అని హెచ్చరించారు.

నేడు పెండ్లితంతు ఒకటి రెండు రోజులకు కుదించుకుపోయింది. శేషహోమం మంత్రాలుగా మిగిలింది, మూడు రాత్రుల వ్యవధి పోయింది. ముందురోజు వరకు పరిచయం లేని యువతిని మరునాటి రాత్రి అలంకరించి గదిలోకి పంపి, ఆమె స్పందించకపోతే 'లోపం' అంటున్నారు. శాస్త్రం ఏర్పరచిన వ్యవధిని తీసివేసి, శాస్త్రం పేరుతో ఆమెను దోషిని చేస్తున్నారు. భయం, అలసట, అవిశ్వాసం ఉన్న శరీరం స్పందించదని నేటి వైద్యులు చెబుతారు. సూత్రకారులు ఆ మాటను ఆచారరూపంలో ఏనాడో చెప్పారు.

చంద్రకళలు, నాలుగు జాతులు

పద్మిన్యాది విభాగం కామసూత్రాలలో లేదు. వాత్స్యాయనులు మృగి, వడవ, హస్తిని అని శరీర పరిమాణాన్ని బట్టి మూడు భేదాలే చెప్పారు. పురుషులకూ శశ, వృష, అశ్వ భేదాలు సమానంగా చెప్పారు. అనేక శతాబ్దాల తరువాత కొక్కోకుడు రతిరహస్యంలో పద్మిని, చిత్రిణి, శంఖిని, హస్తిని అనే జాతులను వర్ణించాడు. శుక్లపక్షంలో కామం స్త్రీ పాదాంగుష్ఠం నుండి శిరస్సుకు తిథిక్రమంగా ఎక్కుతుందనీ, కృష్ణపక్షంలో మరల దిగుతుందనీ చంద్రకళా సిద్ధాంతాన్ని చెప్పినవాడూ అతడే. ఈ గ్రంథాన్ని కూచిరాజు ఎఱ్ఱన 'కొక్కోకము'గా తెలుగు చేశాడు. విజయనగర ప్రభువు ప్రౌఢదేవరాయల పేర రతిరత్నప్రదీపిక అనే సంస్కృత గ్రంథం ఉన్నది. ఇలా ఈ విషయాలు రాజాస్థానాలలో, తరువాత అచ్చుయంత్రాలు వచ్చాక సంతలలో అమ్మే చిన్న పుస్తకాలలో వ్యాపించాయి.

చంద్రకళా సిద్ధాంతంలో కవిత్వం ఉన్నది, పరీక్ష లేదు. ఏ తిథినాడు ఏ స్థానమో చెప్పే పట్టికను ఒక్క స్త్రీనైనా అడిగి సరిచూచిన దాఖలా ఆ గ్రంథంలో కనబడదు. అందులో గ్రహించదగినది ఒక్కటే: స్పర్శకు శరీరమంతా స్పందిస్తుందనీ, తొందరపాటు తగదనీ అది పరోక్షంగా చెబుతుంది. నాలుగు జాతుల వర్ణన కావ్యనాయికల చిత్రణకు ఉపయోగపడింది. వధువును ఎన్నుకోవడానికి గాని, ఒక స్త్రీ కోరికను నిర్ణయించడానికి గాని దానిని ప్రమాణంగా తీసుకోవడం, నాటకంలోని వేషాన్ని చూచి నటుని కులగోత్రాలు నిర్ణయించడం వంటిది.

బీజవాదం చేసిన మేలు, కీడు

స్త్రీకీ పురుషునివలె బీజస్రావం ఉంటేనే గర్భం నిలుస్తుందనే ఊహ ప్రాచీనలోకంలో బలంగా ఉండేది. బాభ్రవ్యుని అనుయాయులు తమ వాదానికి గర్భోత్పత్తినే హేతువుగా చూపారు. గ్రీకు వైద్యుడు గాలెన్ కూడ స్త్రీబీజస్రావాన్ని అంగీకరించాడు. ఈ ఊహ వల్ల స్త్రీ సుఖాన్ని ఉపేక్షించరాదనే మేలు కొంత జరిగింది. కాని దాని వెనుకనే మహాదోషం వచ్చింది. గర్భం నిలిచింది కనుక ఆమెకు సమ్మతి ఉన్నదని మధ్యయుగపు ఐరోపాలో కొందరు న్యాయవేత్తలు వాదించి, బలాత్కారానికి గురైన స్త్రీకి న్యాయం నిరాకరించారు. సంతానం లేని స్త్రీకి రసికత లేదని నిందించడం అదే తప్పునకు మరొక ముఖం.

1827లో కార్ల్ ఎర్నెస్ట్ ఫాన్ బేర్ క్షీరదాల అండాన్ని సూక్ష్మదర్శినితో చూచి వర్ణించాడు. స్త్రీ శరీరంలో అండం ఋతుచక్రానుసారంగా తనంతట విడుదల అవుతుందనీ, దానికి సుఖంతో గాని సమ్మతితో గాని సంబంధం లేదనీ తరువాతి పరిశోధనలు నిర్ధారించాయి. గర్భం నిలవకపోవడానికి కారణం స్త్రీయందు ఉండవచ్చు, పురుషునియందు ఉండవచ్చు, ఇద్దరియందూ ఉండవచ్చు. కనుక పరీక్ష ఇద్దరికీ జరగాలి. పురుషునికి చేసే పరీక్ష సులభమైనది కూడ. కోడలిని గుడి చుట్టూ తిప్పి కుమారుని వైద్యుని వద్దకు పంపని అత్తమామలు దైవాన్నీ, వైద్యాన్నీ రెండింటినీ అవమానిస్తున్నారు. చరకసంహిత సూత్రస్థానంలో శ్రేష్ఠవస్తువులను లెక్కించేటప్పుడు, గర్భధారణకు తోడ్పడేవాటిలో మనఃప్రసన్నతకు అగ్రస్థానమిచ్చారు. నిందలు పడే స్త్రీకి ఆ ప్రసన్నత ఎక్కడిది?

ఆధునిక పరీక్ష

పాశ్చాత్యుల శాస్త్రం ఈ విషయంలో మొదటినుండి నిర్దోషమని భావించరాదు. సిగ్మండ్ ఫ్రాయిడ్ 1905లో, యుక్తవయస్సు వచ్చిన స్త్రీకి సుఖస్థానం బాహ్యాంగం నుండి అంతరంగానికి మారాలనీ, మారకపోతే అది అపరిపక్వత అనీ సిద్ధాంతం చేశాడు. పరీక్ష లేని ఆ మాటవల్ల ఎందరో ఆరోగ్యవంతులైన స్త్రీలు తమను రోగులుగా భావించుకున్నారు. మన చంద్రకళల వంటిదే ఆ సిద్ధాంతం. ఒకటి శ్లోకంలో ఉన్నది, ఒకటి గద్యంలో ఉన్నది.

1966లో అమెరికాలో విలియం మాస్టర్స్, వర్జీనియా జాన్సన్ అనే పరిశోధకులు తమ గ్రంథాన్ని ప్రకటించారు. వారు 382 మంది స్త్రీలను, 312 మంది పురుషులను వారి సమ్మతితో ప్రయోగశాలలో పరిశీలించారు. ఉద్దీపనం, స్థిరత్వం, భావప్రాప్తి, ఉపశమనం అనే నాలుగు దశలు స్త్రీపురుషులిద్దరిలోనూ ఉన్నట్లు చూపారు. హృదయస్పందన, శ్వాస, రక్తప్రసరణ మార్పులు ఇద్దరిలోనూ చాలవరకు సమానం. భావాంతంలో పురుషునికి కొంతకాలం విరామం తప్పదు, స్త్రీకి అది అనివార్యం కాదు. ఔద్దాలకి గమనించిన భేదం ఇదే. గమనిక సరియైనది, స్త్రీకి భావప్రాప్తి లేదన్న నిగమనం తప్పు. ఎనిమిది రెట్ల మాటకు కూడ ఇదే బీజమై ఉండవచ్చు.

1998లో ఆస్ట్రేలియా వైద్యురాలు హెలెన్ ఓకానెల్, స్త్రీ సుఖేంద్రియంలో బయటకు కనబడేది అల్పభాగమనీ, దాని శాఖలు శరీరాంతర్భాగంలో విస్తరించి ఉన్నాయనీ శవపరీక్షల ద్వారా నిరూపించారు. వైద్యవిద్యార్థుల గ్రంథాలలో అంతవరకు ఆ నిర్మాణం సరిగా చిత్రింపబడలేదు. మన రతిశాస్త్రకారులు కామదేవుని ఛత్రమనే అర్థం వచ్చే పేర్లతో ఆ అవయవాన్ని గుర్తించారు కాని దాని పూర్ణస్వరూపం వారికి తెలియదు. 2000 ప్రాంతంలో కెనడా వైద్యురాలు రోజ్మేరీ బాసన్ మరొక విషయం చెప్పారు: అనేకమంది స్త్రీలలో కోరిక ముందుగా పుట్టి స్పందనకు దారితీయదు, సాన్నిహిత్యం, విశ్వాసం, మృదుస్పర్శ వల్ల స్పందన కలిగి దాని వెంట కోరిక వస్తుంది. మెల్లగా వేగమందుకొనే కుమ్మరి సారె దృష్టాంతం ఇక్కడ స్మరణీయం.

దీనివల్ల అంతా మన గ్రంథాలలోనే ఉన్నదని గర్వించనవసరం లేదు. వాత్స్యాయనులు స్త్రీపురుష సుఖం సమానమన్నచోట వారి పక్షం నిలిచింది. బీజస్రావం విషయంలో ప్రాచీనుల ఊహ నిలవలేదు. నిలిచినదాన్ని గౌరవించి, నిలవనిదాన్ని విడవడమే శాస్త్రదృష్టి. వాత్స్యాయనులు పూర్వాచార్యుల మతాలతో చేసిన పని అదే.

స్త్రీ తన మాట చెప్పినప్పుడు

ఇంతవరకు వాదించినవారిలో అధికులు పురుషులు. స్త్రీ స్వయంగా చెప్పినప్పుడు ఏమి జరిగిందో తెలుగు సాహిత్యచరిత్ర చెబుతుంది. 1565లో తళ్లికోట యుద్ధం తరువాత విజయనగర రాజధాని ఈ సీమలోని పెనుగొండకు తరలివచ్చింది. సామ్రాజ్యం క్షీణించగా తెలుగు కవిత్వం దక్షిణాదిన తంజావూరు, మధుర ఆస్థానాలలో ఆశ్రయం పొందింది. తంజావూరును మరాఠా ప్రభువు ప్రతాపసింహుడు ఏలిన కాలంలో, పద్దెనిమిదవ శతాబ్దిలో, ముద్దుపళని అనే విదుషి 'రాధికాసాంత్వనము' రచించింది. అలిగిన రాధను శ్రీకృష్ణుడు అనునయించడం ఇతివృత్తం. ఇందులో కోరిక రాధది, అనునయం కృష్ణునిది. స్త్రీ తృప్తి పురుషుని బాధ్యత అనే వాత్స్యాయన విధికి అది కావ్యరూపం.

ఆ కావ్యాన్ని కందుకూరి వీరేశలింగం పంతులుగారు అశ్లీలమని నిందించారు. బెంగళూరు నాగరత్నమ్మగారు మూలప్రతిని సంపాదించి పరిష్కరించగా వావిళ్లవారు 1910లో ప్రకటించారు. సిగ్గు స్త్రీలకే గాని పురుషులకు లేదా, పురుషులు రచించిన శృంగార కావ్యాలను ఆదరించినవారు దీనినెందుకు నిందిస్తారని ఆమె ప్రశ్నించింది. 1911లో ఆంగ్ల ప్రభుత్వం ప్రతులను స్వాధీనం చేసుకొన్నది. టంగుటూరి ప్రకాశం పంతులుగారి చొరవతో 1947లో ఆ నిషేధం తొలగింది. ఆ నాగరత్నమ్మగారే తిరువైయారులో త్యాగరాజస్వామివారి సమాధి మందిరాన్ని తన సొత్తుతో కట్టించిన పరమభక్తురాలు. రాధ కోరికను దాచనవసరం లేదన్న మనస్సూ, రామభక్తుని సమాధికి సర్వస్వం సమర్పించిన మనస్సూ ఒక్కటే. ఆ రెండింటికీ వైరం ఉన్నదని భావించినది లోకం, ఆమె భావించలేదు.

గృహస్థునకు కర్తవ్యం

ధర్మానికి విరుద్ధం కాని కామం తానేనని భగవానుడు గీత ఏడవ అధ్యాయంలో చెప్పాడు. ఆ వాక్యం పురుషుని కామానికి మాత్రమే పరిమితం కాదు. సర్వభూతాలనూ ఉద్దేశించి చెప్పినది. లేపాక్షి వీరభద్రాలయంలో మంటపం పైకప్పు మీద పార్వతీకల్యాణ చిత్రాలున్నాయి. ఆ వధువు వరుని తానే కోరింది, కోరి తపస్సు చేసింది, తపస్సుతో గెలుచుకున్నది. జగన్మాత కోరికను కల్యాణమని పూజిస్తూ, ఇంటి ఇల్లాలి కోరికను దోషమనీ, కోరిక లేకపోవడాన్ని లోపమనీ అనడం ఉపాసకునికి తగదు.

ఈ కరవుసీమలో వేరుశనగ చేలో పగలంతా వంగి పనిచేసి, బిందెడు నీటికోసం నడిచి, ఇంటిల్లిపాదీ తిన్నాక మిగిలినది తినే స్త్రీ రాత్రి స్పందించకపోతే దానికి కారణం ఆమె జాతిలోనూ లేదు, తిథిలోనూ లేదు. అలసటలో, రక్తహీనతలో, ఎవరూ వినని మాటలో ఉన్నది. మొదట ఆమె కంచం నిండాలి, ఆమె పని తగ్గాలి, ఆమె మాట వినబడాలి. బాధ ఉంటే వైద్యురాలికి చూపాలి. అందులో సిగ్గుపడవలసినది ఏమీ లేదు. ఆమె సమ్మతి లేనిచోట పురుషుని కామం ధర్మవిరుద్ధం, అక్కడ భగవత్సాన్నిధ్యం లేదు.

పురాణం భక్తిని పెంచడానికి వచ్చింది, ప్రమాణం జ్ఞానాన్ని ఇవ్వడానికి వచ్చింది. పురాణాన్ని ప్రమాణస్థానంలో కూర్చోబెడితే భక్తి మూఢమవుతుంది, జ్ఞానం మూగబోతుంది. రెండింటినీ వాటి వాటి పీఠాలమీద నిలిపినప్పుడు, ఇంటిలోని స్త్రీ కథలోని పాత్రగా కాక మనిషిగా కనబడుతుంది. అలా చూడగలిగిన గృహస్థుడే మూడవ పురుషార్థానికి అధికారి.